నల్లకాగితాల ఏడు

ఆ యేడు కాకినాడలో కిటికీలన్నిటికీ నల్లకాగితం.
సీమరంగుల ఓడ రాలేదు.
నా పెట్టెలో ఎండిన నీలం గోరంత.

ఉప్పుటేట్లో పడవ కట్టేసి వచ్చేవాడివి.
చొక్కా నిండా ఉప్పు, జేబులో
పట్టాళంలో చేరమన్న కాగితం, నాలుగు మడతలు.

"నన్ను గియ్యవే వకుళా" అన్నావు.
గీశాను. దొరలా వచ్చావు.
అప్పటికి నాకొచ్చిన ముక్కులన్నీ
క్యాలెండరు ముక్కులే.

బాంబు పడ్డ మర్నాడు
ఊరంతా సామర్లకోట దారి పట్టింది.
నేను
లాంతరు చిమ్నీలో వేలు తిప్పి
ఆ మసితో
వంటింటి గోడ మీద నీ వీపు గీశాను.
తెడ్డు వేసేప్పుడు ఎడమ భుజం
కాస్త ముందు లేస్తుంది చూడు,
అది.

మొహం నాకు ఇప్పటికీ రాదు.
అమ్మ ఏటా సున్నం కొట్టిస్తుంది.
తడి ఆరేదాకా
ఆ భుజమే ముందు లేస్తుంది.