తెల్లచెవుల వాడు

హాయిక్‌లో ఇష్బెల్ గొర్రెల కొట్టం.
పన్నెండో రోజుకి ఐదింటికీ కళ్లు విచ్చాయి,
పాలు కలిపిన నీలం, ఇంకా చూపు దిగని కళ్లు.
మూడోవారం బకెట్ జారి పడితే
నాలుగు ఉలిక్కిపడ్డాయి.
తెల్లచెవుల వాడు మాత్రం
తల్లి పొట్టని ముంగాళ్లతో పిసుకుతూ
తాగుతూనే ఉన్నాడు.

పేరు పెడదామా అన్నాను.
"పిలిస్తే వినాలి కదా," అంది ఇష్బెల్, గడ్డి ఎత్తిపోస్తూ.

తర్వాత సూదుల్లా పాలపళ్లు.
ఒకటి కొరికితే ఇంకోటి కుయ్యిమంటుంది,
కొరికింది వదిలేస్తుంది:
అవే వాటి ఓనమాలు.
వీడికి ఆ కుయ్యి చేరదు.
చెల్లెలి చెవి పట్టి లాగుతూనే ఉంటాడు.

ఒకరోజు అది అరవడం మానేసింది.
లేచి వెళ్లి
గోడవైపు మొహం పెట్టి కూచుంది.

వాడు ఆగాడు.
ముంగాళ్లు నేలకానించి, పిర్రలెత్తి,
తోక ఊపి, ఆడదాం రమ్మన్నాడు.
ఊహూ.
మళ్లీ వంగాడు.
కొట్టం మీద వాన మొదలైంది, ఆగింది.

చివరికి దగ్గరికెళ్లి
అదే చెవిని నోట పట్టాడు
కోడిగుడ్డు కరుచుకున్నట్టు.

ఇష్బెల్ బూటుకాలితో చెక్కనేల
రెండుసార్లు తట్టింది.
అరికాళ్లతో విని
తిరిగి చూశాడు.