నూటపదకొండు

ఫిషింగ్ హార్బరు వేలంపాక వెనక, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని
నా గది. ఫ్యాను రెక్కల మీద ఉప్పు.
ఈ ముసలి కంప్యూటరుకి వచ్చిన భాషలో
పట్టిక అనే మాటే లేదు.
దానికి తెలిసిందల్లా పేరు,
పేరుకో విలువ.

సరే, పేర్లే కుట్టుకుందాం అనుకున్నాను.
'ధర'కి వరస నెంబరు అతికించి
దాని తోకకి తట్ట నెంబరు అతికించి.
లూపు తిరిగినప్పుడల్లా ఒక కొత్త పేరు పుట్టి
దోసిలి పడుతుంది,
ఆ పూట గులివిందల రేటు అందులో పడుతుంది.
పన్నెండు వరసలు, పన్నెండేసి తట్టలు,
నూటనలభైనాలుగు పేర్లు.
ఒకదాని పక్కన ఒకటి ఉందని
వాటికి తెలీదు. నా లూపుకి తెలుసు, అంతే.

మూడోనాడు తెల్లారగట్ల తగువు.
మొదటి వరస పదకొండో తట్ట మైలపల్లి నూకరత్నం, కోనెం.
పదకొండో వరస మొదటి తట్ట గరికిన సింహాలమ్మ, కవ్వళ్ళు.
చీటీల్లో ఇద్దరికీ ఒకటే ధర.
"కోనేనికి కవ్వళ్ళ రేటేటి బావూ!"

వెతికాను. ఒకటికి పదకొండు అతికిస్తే నూటపదకొండు,
పదకొండుకి ఒకటి అతికించినా నూటపదకొండే.
వెనకొచ్చిన ధర ముందున్న ధర మీద
చప్పుడు లేకుండా కూచుంది.
పక్కనే నూటపన్నెండుదీ అదే గతి,
అక్కడింకా ఎవరూ చూసుకోలేదు.

విప్పి చెప్పాను. నూకరత్నం నవ్వలేదు.
"మజ్జిన ఏదో ఒకటెట్టు.
తట్టకీ తట్టకీ మజ్జిన
కాలెట్టే జాగా వొగ్గమా మేం?"

కింది గీత పెట్టాను. ధర_1_11.
కాలు పట్టేంత సందు.

ఎనిమిదింటికి పైపు పెట్టి పాకంతా కడిగేస్తారు.
సిమెంటు మీద గీతల్లేవు, ఎప్పుడూ లేవు.
నేను స్విచ్చి ఆపితే నా పేర్లూ పోతాయి.
మర్నాడు నాలుక్కి, లైట్‌హౌస్ వెలుగు
నీళ్ళ మీద ఇంకా తిరుగుతుండగానే
ఎవరి చోట వాళ్ళు తట్ట దించుతారు.

నిన్న నూకరత్నం రాలేదు.
కేజీహెచ్‌లో కోడలికి పురుడు.
ధర_1_11 అడిగితే కంప్యూటరు తప్పనలేదు,
ఏమీ అనలేదు.
సున్నా కొట్టబోయి ఆగాను.
సున్నా అంటే చేప ఉండి అమ్ముడుపోలేదని.

కిటికీలోంచి చూశాను.
పదో తట్ట, పన్నెండో తట్ట,
మధ్యన తడి సిమెంటు.
రద్దీ రోజే.
ఎవరూ జరగలేదు.