చెంచాడు ఒండ్రు

పద్దెనిమిది వందలు చెప్పినాడు జిలానీ.
పదమూడుకి తెగింది.
కర్నూలు పాత బస్టాండు వెనక, తుప్పు కూలర్ల నడుమ,
కుక్కర్ మూతల కింద నుంచి లాగి
లుంగీ అంచుతో తుడిచి చూపించినాడు:
నల్ల ఆటపెట్టె, రెండు రిమోట్లు,
ఒకదానికి ఎడమ బటన్ నొక్కితే మళ్లీ లేవదు.
"నీళ్లు తాగిన సరుకు కాదు మద్దిలేటీ,
మేడ మీది వాళ్లది. అల్లా తోడు."

నమ్మినట్టే తలూపినా.

నాకు పద్నాలుగేండ్లప్పుడు
కొత్తపేటలో పరదా కట్టిన గదిలో
ఆడేటోళ్లకు గంటకు పది,
నిలబడి చూసేటోళ్లకు రూపాయి.
రెండేండ్లు నేను రూపాయి గిరాకీని.
ఏ మలుపులో బ్రేకు వేయాలో
నా బొటనవేళ్లకు తెలుసు,
వాటికి బటనే తెలీదు.

మా ఇంటి పలక టీవీకి
పసుపు, తెలుపు, ఎరుపు తీగలు దూర్చే బొక్కల్లేవు.
మళ్లీ బజారు. మూడు వందలకు ఒక చిన్న డబ్బీ.
బొమ్మ వచ్చింది, నలుపు తెలుపుల్లో.
"దీనికంటే మా అవ్వ పెండ్లి ఫోటో నయం"
అనింది సుంకులమ్మ.
తీగ పీకి, ఊది, మళ్లీ పెడితే
రంగులొచ్చినాయి గాని
ఫ్యాను మాత్రం జొన్నలు విసిరినట్టు గరగర.

నేను మోటార్లు చుట్టేటోణ్ణి.
గరగరంటే చెయ్యి ఊరుకోదు.
పెట్టె బోర్లించి, రబ్బరు బిళ్లలు గోటితో లేపి
ఎనిమిది స్క్రూలు విప్పితే
రెక్కల మీద, మూలమూలన,
పిండి కన్నా మెత్తగా,
పసుపూ కాదు నలుపూ కాదు.

వేలికి అంటితే చాలు.
ఆ ఒండ్రును నేనెట్ల మర్చిపోతా.

రెండువేల తొమ్మిది, అక్టోబరు.
తుంగభద్ర, హంద్రీ ఒకటై ఊళ్లోకొచ్చి
పోయినాక
మా షెడ్డు ముందు వరసకట్టిన మోటార్లు:
పిండిమిల్లువి, మిక్సీలవి, ఆస్పత్రివి.
కడిగి, ఎండబెట్టి, కాలిన రాగి ఊడబీకి, కొత్తది చుట్టి
రాత్రి రెండైనా దీపం ఆరేది కాదు.
ఊరంతా బురద ఎత్తిపోసుకుంటాంటే
నాకు మొదటిసారి నెలకు నాలుగు వేలు.
కొత్త చొక్కా కుట్టిచ్చుకున్నా.
ఆ చొక్కా సంగతి
ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పాత బ్రష్షుతో దులిపితే
కాగితం మీద చెంచాడు కూడా కాలేదు.
మడిచి పనిముట్ల పెట్టెలో పెట్టినా.
ఎందుకని అడగొద్దు.

పెట్టె ఇప్పుడు మెల్లగా ఊపిరి తీస్తాంది.
కానీ వేసినప్పుడల్లా తేదీ అడుగుతాది.
లోపల బిళ్ల సెల్లు చచ్చింది,
చెప్పకపోతే దానికెప్పుడూ
రెండువేలో సంవత్సరం జనవరి ఒకటే.
ఇరవై రూపాయల సెల్లు వేసి
మెమరీ కార్డు తెరిచినా.

ఆరు ఆటలు దాచి ఉన్నాయి.
అన్నిటికీ ఒకటే పేరు, షమ్మీ.
చివరిది కార్ల పందెం.
మూడు కార్లు, నలభై ఒక్క వేలు,
పదహారో పందెం దగ్గర ఆగింది.
సెప్టెంబరు ముప్పై, రాత్రి పదకొండూ పన్నెండు.
రెండు రోజులకు నీళ్లు.

జిలానీకి ఫోన్ చేసినా.
"ఏ షమ్మీ? నాలుగు చేతులు మారొచ్చింది అప్పా.
ఆడుకో పో."

కార్డు నిండింది, పాతవి చెరిపేయాలా
అంటాంది తెర.
ఎడమన అవును, కుడిన కాదు.
చేతిలో ఉన్నది ఆ లేవని రిమోటు,
కుడికి ఎంత నొక్కినా
జారి జారి అవును మీదకే వస్తాంది.
"నొక్కు నాయనా, చెరిగితే ఏమాయ" అనింది మా వేదశ్రీ.
రిమోటు మార్చియ్యమ్మా, అన్నా.
గొంతు ఎందుకట్ల వచ్చిందో
పిల్ల మాట్లాడకుండా ఇచ్చింది.

తెల్లారి నూటయాభైకి ఇంకో కార్డు.
నా పేరు నేనే కొట్టినా, మొదటిసారి.

జెండా ఊపినారు.
మొదటి మలుపులోనే గోడకు గుద్దినా.
పద్దెనిమిదేండ్లు వేళ్లలో దాచుకున్నదంతా
ఎటు పోయిందో.
నా వెనక నిలబడి
"బ్రేకు నాయనా, బ్రేకు!" అని
వేదశ్రీ అరుస్తాంది.

ఆపినా.
ఇట్ల కూర్చో అని జరిగినా.
రూపాయి అడగలేదు.