పొన్నంగి పిట్ట

తునికాకు కట్టలు లారీకెక్కినంక
పాకాల అడవి కొంచెం ఊపిరి తీసుకుంది.
రోహిణి ఎండ ఇంకా ఇరగలేదు.
ఆ తెల్లారి, ఈల:
రెండే ముక్కలు, రెండోది కిందికి జారుతూ.

ఎవరో పోకిరోడు అనుకుని
కూలి లెక్కల పుస్తకం మూసేశాను.
మంగ్లీ నవ్వింది.
"వచ్చిండు. ఇగ మిరుగు వస్తది."

ఈ పిట్ట ఈల చెట్టెక్కే వేస్తుంది గానీ
బతుకంతా నేల మీదే.
తడిసిన ఆకులు తిరగేస్తూ గెంతుతుంది.
దాని ఇల్లు, చూస్తే
వాన కొట్టుకొచ్చిన చెత్త ముద్ద.
పక్కన చిన్న తలుపు,
లోపల ఐదు గుడ్లు, ఊదా చుక్కలవి.
మంగ్లీ మేకల్ని
నెలంతా వేరే దారిన తోలింది,
ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

బతుకమ్మ నాటికి అడవిలో ఈల లేదు.

ఆ వారమే ఒక రాత్రి
హన్మకొండలో మా తమ్ముడి జిరాక్స్ షాపు అద్దానికి
దబ్బున తగిలి పడిందొకటి.
ఆకుపచ్చ వీపు, తోక కింద కుంకుమ,
అరచేతిలో ఆగని దడ.
కాగితాల అట్టపెట్టెలో పడుకోబెట్టి
మూతకు పెన్నుతో బొక్కలు పొడిచాం.

పొద్దున మూత తీస్తే
దక్షిణం ఎటని అడగలేదు.

పెట్టెలో నీలం ఈక ఒకటి మిగిలింది.
మంగ్లీ దాన్ని కొంగున ముడేసుకుంది,
"వచ్చే రోహిణికి అడుగుతడు" అని.