బొత్తాం లేని ఫోను

కర్నూలు యార్డులో ఉల్లిగడ్డల కుప్పకు ఆనుకొని
మద్దిలేటికి కొత్త ఫోను నేర్పిస్తాంది కూతురు.
"దీనికి బొత్తాం ఉండదు నాయినా.
అంచు నుంచి లోపలికి గీకు, వెనక్కి పోతాది.
కింద నుంచి పైకి తోసి, రవ్వంత ఆపు."

ఆపినాడు.
తెరిచి మరిచినవన్నీ
వేలంపాటకు పెట్టిన బస్తాల మాదిరి నిలబడినాయి:
వాన, బ్యాంకు, అప్పు యాప్, ఈపొద్దు ధర.

కొడవలికి కాయకట్టిన బొటనవేలు
అద్దానికి ఆనలేదు.
చిటికెనవేలితో ధరను పైకి విసిరినాడు. పోయింది.
మళ్లీ తెరిస్తే
క్వింటా ఆరువందలే.

అప్పు యాప్‌ను ఇంకా గట్టిగా విసిరినాడు.
కూతురు నవ్వలేదు.
"మూస్తే పోదు నాయినా అది."

తెలుసు.
తెలిసే, అంచు పట్టుకొని
వెనక్కి, ఇంకా వెనక్కి,
నారు కొన్న పొద్దు దాకా
గీకుతానే ఉన్నాడు.