ఒకటి కాదు, రెండు కాదు

ప్రతి సెప్టెంబరులో ఒక ఉత్తరం వస్తుంది.
సభ్యత్వ రుసుము దంపతులకైతే ఇంత,
ఒంటరివాళ్లకైతే ఇంత,
కట్టలేనివారు ఆఫీసుకొచ్చి మాట్లాడవచ్చు.
కింద కోశాధికారి ఇస్సర్ కప్లోవిచ్ సంతకం,
నీలం సిరా, ఎడమకు ఒరిగిన అక్షరాలు.
చెంచాల సొరుగులో పడేస్తాను.
ఇప్పటికి పదకొండయ్యాయి.
మాట్లాడవచ్చు, నిజమే.
దానికే కదా నోరు పెగలనిది.

విన్నిపెగ్‌లో జనవరి అంటే
ఊపిరి మీసానికంటుకుని గడ్డకట్టే నెల.
గురువారాలు మేం టైర్ల కొట్టు మీది గదిలో కలుస్తాం.
కొట్టు రొడెల్‌ది. మనీలా నుంచి వచ్చినవాడు.
అద్దె అడగడు,
పోయేటప్పుడు హీటరు కట్టేయమంటాడు, అంతే.
గోడల నిండా రబ్బరు వాసన
దాని మీద మా ఉల్లిపాయల వేపుడు వాసన.
ఇదే మా ప్రార్థనామందిరం అని ఎవరూ అనం.
అంటే నవ్వొస్తుంది.

ఆ గురువారం జూస్‌మన్
ఓవర్‌కోటు జేబులోంచి గాజుగ్లాసు కొవ్వొత్తి తీశాడు.
ముప్పై ఏళ్లు బస్సు నడిపిన చేతులు,
అగ్గిపుల్ల మూడోసారికి గానీ అంటుకోలేదు.
ద్వోష్యా పోయి సరిగ్గా ఏడాది.
ఆమె కోసం కద్దిష్ చెప్పాలి.
చెప్పాలంటే పదిమంది ఉండాలి.

మనుషుల్ని లెక్కపెట్టకూడదు మాలో, దిష్టి.
అమ్మమ్మ మమ్మల్ని స్నానాల గది ముందు నిలబెట్టి
ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు
అంటూ తలలు తడిమేది.
నేనూ అలాగే మొదలుపెట్టాను.
ఒకటి కాదు, జూస్‌మన్.
రెండు కాదు, గలీనా, ఒడెస్సా నర్సు,
హీబ్రూ ఒక్క అక్షరం రాదు.
మూడు, నాలుగు కాదు, ఫ్రేడా, ఆమె పెళ్లాడిన మీరా.
ఐదు కాదు, విడాకులనాడు గుడినీ వదిలేసిన నఫ్తాలి.
ఆరు, ఏడు, ఎనిమిది కాదు,
వయొలిన్ నేర్చుకునే విద్యార్థులు, ఆకలి మీదున్నారు.
తొమ్మిది కాదు, నేను.
అమ్మమ్మ రోజుల్లో ఆడదాన్ని లెక్కలో వేసేవారే కాదు.
ఇక్కడ వేస్తారు,
కాదు అంటూనే వేస్తారు.

ఫోన్లు చేశాం.
ఒకరికి జ్వరం, ఒకరికి రాత్రి డ్యూటీ.
ఒకాయన, నాకలాంటి వాటితో సంబంధం లేదమ్మా, అన్నాడు.
పోయిన పండక్కి నా చేతి సూపు రెండు గిన్నెలు తాగినవాడే.
బంగాళదుంపల కూగెల్ మీద చర్మం కట్టింది.
జూస్‌మన్ కోటు విప్పలేదు.

కింద నట్లు బిగించే మిషను గుర్రుమంది.
రొడెల్‌ని కుర్చీ అడుగుదామని దిగాను.
బల్ల దగ్గర ఒక ముసలాయన
పంక్చరు రసీదు మీద సంతకం పెడుతున్నాడు.
మొహం ఎప్పుడూ చూసింది కాదు.
నీలం సిరా. ఎడమకు ఒరిగిన అక్షరాలు.
"పైన తొమ్మిదిమంది కానివాళ్లం ఉన్నాం," అన్నాను.
ఎగాదిగా చూసి, కలం మూత పెట్టి
ఎక్కాడు, మెట్టు మెట్టుకీ ఆగుతూ.

గుమ్మంలో ఎవరూ అతన్ని రసీదు అడగలేదు.
జూస్‌మన్ సగంలో మాట మరిచిపోయాడు.
వెనకనించి ఒకే ఒక్క మాట
ఎవరికీ వినిపించనంత మెల్లగా అందించి
అతను గొంతు సవరించుకున్నాడు.
తర్వాత నిలబడే రెండు ముక్కలు కూగెల్ తిన్నాడు.

సెప్టెంబరులో మళ్లీ ఉత్తరం.
అవే అంకెలు, దంపతులకు ఇంత, ఒంటరివాళ్లకు ఇంత.
అడుగున కలంతో,
"మిరియాలు ఎక్కువయ్యాయి. ఇంకా గురువారాలేనా?"

డబ్బు కట్టలేదు.
మిరియాలూ తగ్గించలేదు.
రొడెల్‌ని అడిగి ఇంకో కుర్చీ మాత్రం పైకి మోయించాను,
ఒక కాలు పొట్టిది,
కింద ఆ పన్నెండో ఉత్తరం మడిచి పెడితే కదలడం లేదు.