తట్ట మునిగే లోతు

నీరుగంటి దొరసామి సంగటి తినే సత్తు తట్ట అది.
సగం నలుపు, సగం తెలుపు పూసి
నడుమ చిల్లి పొడిచి తాడు కట్టినాం.
అప్పట్నించి ఆయన ఆకులో తింటా ఉండాడు.

ఆదివారం మిట్టమధ్యాన్నం
ఎవరి నీడ వాళ్ళ కాళ్ళ కిందికొచ్చే వేళ
తూము రాయి మీద బోర్లా పడుకుని
తట్టను చెరువులోకి దించుతాం.
కనబడకుండా పోయిన చోట తాడుకు ముడి.
అంతే పరీక్ష.
వెలుగు ఎంత లోతుకు దిగితే నీళ్ళకు అంత ఊపిరని
తొమ్మిదో తరగతి శంషాద్ చెప్పింది.
నోటుబుక్కు నా చేతికిచ్చినారు, నా రాత గుండ్రంగా ఉంటుందని.

మొదటి వారం
జానెడు దిగకుండానే తట్ట మాయం.
కుప్పమ్మ నవ్వింది.
"మా కుడితి తొట్టే నయం గదబ్బా!"

ఆ ఎండాకాలమంతా గుర్రపుడెక్క లాగినాం.
మోకాళ్ళదాకా బురద, మోచేతులదాకా దురద.
పీకింది పీకినట్టే ఉండేది, పెరిగేది పెరిగినట్టే ఉండేది.
మరవ కాడ కోడిబొచ్చు సంచులు పారేసే వెంకటముని
ఒక పొద్దు తనే గొయ్యి తవ్వి పూడ్చినాడు.
ఎవరూ మెచ్చుకోలేదు. అలిగి వారం రోజులు రాలేదు.

జూన్ వచ్చింది.
తోతాపురి బండ్లు చిత్తూరు రోడ్డు పొడుగునా
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ వరస కట్టినాయి.
ఒక తెల్లవారి చెరువంతా పండగింటి వాసన,
దాని కింద కుళ్ళు.
జెల్లలు, పక్కెలు
తెల్లటి పొట్టలు ఆకాశానికి చూపిస్తా తేలినాయి.
తీపి కూడా చంపుతుందని
మాకు తెలీదు.

వంతులేసుకుని కట్ట మీద కావలి పడుకున్నాం.
పదకొండో రాత్రి లైట్లార్పుకుని వచ్చింది ట్యాంకరు.
చుట్టుముట్టినాం. టార్చి వేస్తే
స్టీరింగు వెనక మా మేనత్త మనవడు హరినాథు.

వాడు దిగలేదు. కండ్లు చికిలించి నన్ను చూసి అన్నాడు:
"మామా, ఈ కడుగు నీళ్ళలో
మీ తోట కాయల రసం కూడా ఉండాది గదా."

నా జోబీలో తూకం చీటీ.
ఏడు టన్నుల మూడొందల కేజీలు.
డబ్బులింకా రాలేదు.

ఎవరూ మాట్లాడలేదు.
దొరసామి మటుకు పోయి ముందు చక్రానికి ఆనుకుని కూచుని
బీడీ ముట్టించినాడు.
వాడు రివర్సు గేరు వేసేదాకా
లేవలేదు.

మరసటి రోజు ఫ్యాక్టరీకి పోయినాం,
గుజ్జు డబ్బాలోనే చెరువు నీళ్ళు పట్టుకుని.
మేనేజరు మూత తీయలేదు.
"మీ పేమెంటు పెండింగులో ఉంది కదా" అన్నాడు, నెమ్మదిగా.
ఆ పై ఆదివారం
పద్దెనిమిది మందిమి ఏడుగురమైనాం.
రాని పదకొండు మందిని ఏమని తిట్టను?
నేనూ ఆ రోజు చెప్పులు తొడిగి, విప్పి, మళ్ళీ తొడిగినోణ్ణే.

ట్యాంకరు మళ్ళీ రాలేదు.
'కింది ఊరి చెరువుకు పోతోందేమో' అని
నోటుబుక్కులో రాసినా.
కొట్టేసినా.
మళ్ళీ రాసినా.

కార్తీకం వానలకు మరవ పారింది.
మన నీళ్ళు కింది ఊరికే గదా పోయేది,
వాళ్ళ మురికి పైకెక్కి రాదు నిజమే,
మన మాట అయినా కిందికి దిగాలి గదా అని
కుప్పమ్మ తన ఇంటి నుంచి ఇంకో తట్ట తెచ్చింది.
అంచున ఆమె మొగుడి పేరు చెక్కుండాది,
దాని మీదనే రంగు పూసింది.

ఈ ఆదివారం
తాడు మూరెడు దాటింది.
నాకు తట్ట ఎప్పుడో కనబళ్ళేదు, కండ్లకు పొర.
శంషాద్ నా పక్కనే బోర్లా పడుకుని
"ఉండాది, ఉండాది, ఇంకా దించు తాతా" అంటా ఉండాది.

దించుతా ఉండా.